చూడ్డానికా, చూపించుకోడానికా

మా మేడమ్ పోయారన్న వార్త నాకు మంగళగిరి బస్టాండులో అందింది. ఫోన్ చేసింది మేడమ్ చెల్లెలు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు, అక్కతోనే ఉండేవారు. మేడమ్ దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఆవిడ పిన్నిగారు.

"అమ్మాయ్, అక్క తెల్లవారుజామున నిద్రలోనే పోయిందమ్మా," అన్నారు. వెంటనే మళ్ళీ అందుకున్నారు. "వచ్చేటప్పుడు దండ తేకు. వచ్చినవాళ్ళందరూ దండలే తెస్తున్నారు, పెట్టడానికి చోటు లేదు. ఒక్కరికీ ఇంత టిఫిన్ తేవాలని తోచలేదు. ఇడ్లీ కట్టించుకుని రా. చట్నీ వేరేగా కట్టమను, కారిపోతుంది."

ఆ చట్నీ మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది. అది అచ్చం మేడమ్ మాట్లాడే తీరు. బస్సులో వేడి పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్క సీటావిడ అడిగింది, "పిక్నిక్కా అమ్మా?" అని. "కాదండీ, మా మేడమ్ పోయారు, అక్కడికే," అన్నాను. ఆవిడ పొట్లాల వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూసి, "మంచి పని చేశావు. అలాంటి చోట ఎవరికీ ఆకలని చెప్పుకోడానికి నోరు రాదు," అంది. ఈ మాట మేడమ్ వింటే ఆవిడ పక్కనే కూర్చుని గంట సేపు మాట్లాడేవారు.

మేడమ్ హెల్త్ ఎకనమిక్స్ ప్రొఫెసర్. అంటే ఏమిటో విజయవాడ భవానీపురంలో వాళ్ళ వీధివాళ్ళెవరికీ చివరిదాకా తెలియలేదు. హెల్త్ అన్న మాట ఒక్కటే వాళ్ళ చెవిన పడింది. "మేడమ్ గారూ, ఈ మాత్ర తినకముందా, తిన్నాకా?" అంటూ చీటీలు పట్టుకుని వచ్చేవారు. "నేను డాక్టర్నే గానీ ఆ డాక్టర్ని కాదండీ," అని మేడమ్ నవ్వేవారు. అంటూనే కళ్ళజోడు పెట్టుకుని చీటీ అందుకునేవారు. మందు సంగతి మందుల షాపువాడిని అడగమని పంపేసేవారు గానీ, పంపేముందు ఒకటి మాత్రం తప్పకుండా అడిగేవారు: "ఇంతమంది డాక్టర్లుండగా ఈయన దగ్గరికే ఎందుకు వెళ్ళారు?"

ఆవిడ ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క ప్రశ్నే. జనం ఏ ఆసుపత్రికి వెళ్తారు, ఎందుకు వెళ్తారు, దగ్గర్లో ఒకటుండగా దాన్ని దాటుకుని ఇంకోదానికి ఎందుకు వెళ్తారు. చదువుతో, రాతతో, దేశదేశాల సభలతో ఆ ప్రశ్న పెద్దదయింది గానీ మారలేదు.

నేను ఆవిడ దగ్గర చేరడమే ఒక తమాషా. డిగ్రీ అయ్యాక బ్యాంకు కోచింగ్‌కి వెళ్ళాను, మధ్యలో మానేశాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాను, ఉద్యోగం రాగానే విసుగొచ్చింది. ఎమ్మే ఎకనమిక్స్‌లో చేరి, అదీ వదిలేద్దామా అనుకుంటూ వెనక బెంచీలో కూర్చున్న రోజుల్లో మేడమ్ క్లాసుకి వచ్చారు. ఆవేళ పాఠం, ఒకటి చేయడం కోసం ఇంకోటి వదులుకోవడం గురించి.

"నువ్వు ఇక్కడ కూర్చున్నందుకు ఏం పోగొట్టుకున్నావు?" అని నన్నే అడిగారు.

"నిద్ర మేడమ్," అన్నాను.

"దాని విలువెంత?"

"ఏమీ పోలేదులెండి మేడమ్. ఇక్కడా నిద్రే పోతున్నాను."

క్లాసంతా బిగుసుకుపోయింది. మేడమ్ బల్ల పట్టుకుని మరీ నవ్వారు. నవ్వి, క్లాసయ్యాక పిలిచారు. నేను అప్పటిదాకా మొదలెట్టి మానేసినవన్నీ ఓపిగ్గా విన్నారు. "నీకు కాళ్ళల్లో చక్రాలున్నాయి. ఇంట్లోవాళ్ళు తిడుతుంటారు కదూ? మాకు మాత్రం అలాంటి కాళ్ళే కావాలి. శనివారం పామర్రు వైపు సర్వేకి వెళ్తున్నాం, వచ్చెయ్," అన్నారు. అలా వెళ్ళినదాన్ని ఇంక వెనక్కి రాలేదు.

ఆ ప్రయాణంలోనే ఆవిడ పేరు మోసిన తప్పు గురించి విన్నాను. ఆవిడే చెప్పారు, కంకిపాడు దాటాక, కారాపి చెరుకురసం తాగుతూ. కొత్తగా ఎవరు చేరినా ఆ కథ ఆవిడే చెప్పాలి, ఇంకెవరైనా మొదలుపెడితే ఊరుకునేవారు కాదు.

పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో మేడమ్ ఈ డెల్టా ఊళ్ళల్లోనే పెద్ద సర్వే చేశారట. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో తయారై వస్తే తనే తెలుగు చేశారు. అందులో ఒకటి: "ఈ మధ్య ఆసుపత్రికి వెళ్ళారా?" ఏ ఇంట అడిగినా "ఆఁ, వెళ్ళామండీ" అన్నారు. ముసలివాళ్ళూ వెళ్ళారు, పెళ్ళికావలసిన పిల్లలూ వెళ్ళారు, పొలం పని మానుకుని మగవాళ్ళూ వెళ్ళారు. మేడమ్ పొంగిపోయి, మా డెల్టా జనానికి ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ అని ఢిల్లీలో సభలో చదివేశారు. ఒక పెద్దాయన లేచి, "అమ్మా, మీ జిల్లాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఒక్కరైనా మిగిలారా?" అన్నాట్ట. జనం గొల్లుమన్నా మేడమ్ వెనక్కి తగ్గలేదు. లెక్క లెక్కే అన్నారు.

ఇంటికి వచ్చేసరికి వాళ్ళమ్మగారు లేరు. చీకటి పడ్డాక వచ్చారు.

"ఎక్కడికెళ్ళావమ్మా?"

"ఆసుపత్రికి వెళ్ళొచ్చానే."

"ఏమైంది నీకు?"

"నాకేం రోగం? మీ మేనత్తకి ఆపరేషనయితే చూసొచ్చాం. అందరం కలిసి వెళ్ళాం, ఒక్కదాన్నేం కాదు."

మేడమ్‌కి ఏదో అనుమానం తగిలింది. "అమ్మా, ఎవరైనా ఇంటికొచ్చి, ఈ మధ్య ఆసుపత్రికి వెళ్ళారా అని అడిగితే ఏం చెప్తావు?"

"వెళ్ళానని చెప్తాను. వెళ్ళానుగా!"

మేడమ్ గడపలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టారట. "ఊరూరా తిరిగి నేను లెక్కపెట్టింది రోగుల్ని కాదే, చుట్టాల్ని!" అన్నారట చెల్లెలితో. ఆ మాట చెప్పేటప్పుడు చెరుకురసం గ్లాసు చేతిలో ఊగిపోతుంటే, చీర మీద పడకుండా మేం పట్టుకోవాల్సి వచ్చింది.

అక్కడితో ఎవరైనా ఆ కాగితాలు అటక మీద పారేసేవారు. మేడమ్ మళ్ళీ అవే ఊళ్ళకి, అవే ఇళ్ళకి వెళ్ళారు. ఈసారి ప్రశ్నకి ఒక తోక తగిలించారు. "ఆసుపత్రికి వెళ్ళారా? చూడ్డానికా, చూపించుకోడానికా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదటిసారి ఎవరినో చూడ్డానికి వెళ్ళినవాళ్ళు, తర్వాత తమకి బాగోలేనప్పుడు చూపించుకోడానికి కూడా తరచుగా అక్కడికే వెళ్తున్నారు. చుట్టం మంచం పక్కన కాసేపు కూర్చుంటే అన్నీ తెలిసిపోతాయి. నర్సు పిలిస్తే పలుకుతుందా, డాక్టరు కూర్చుని మాట్లాడతాడా వెళ్తూ వెళ్తూ మాట్లాడతాడా, దుప్పటి మారుస్తారా, బాత్రూమ్ తలుపుకి గడియ ఉందా. "బత్తాయిలు ఇచ్చి సమాచారం తెచ్చుకుంటారు," అనేవారు మేడమ్. అందరూ మొహమాటమనీ, కాలక్షేపమనీ కొట్టిపారేసిన పరామర్శలో ఇంత పని జరుగుతోందని కాగితం మీద పెట్టింది ఆవిడే. కొత్తగా కట్టిన చిన్న ఆసుపత్రులకి జనం ఎందుకు వెళ్ళరని ఆఫీసర్లు తలలు పట్టుకుంటే ఆవిడ అన్న మాట నాకు బాగా గుర్తు. "అక్కడ మంచాలు లేవు కదండీ. మంచాలు లేనిచోటికి చూడ్డానికి ఎవరు వెళ్తారు? చూడని చోటికి చూపించుకోడానికి మాత్రం ఎందుకు వెళ్తారు?"

ఫీల్డులో ఆవిడకి కొన్ని పట్టింపులుండేవి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడగాలి. దాహం ఉన్నా లేకపోయినా. "ప్రశ్నతో మొదలుపెడితే గవర్నమెంటు మనిషివి అనుకుంటారు. నీళ్ళతో మొదలుపెడితే మనిషివి అనుకుంటారు." నిలబడి అడగకూడదు. కుర్చీ వేస్తే కుర్చీలో, చాప వేస్తే చాప మీద. జనాన్ని ‘లబ్ధిదారులు’ అని ఎవరైనా అన్నారో, "వాళ్ళకి పేర్లు లేవా?" అని అక్కడే పట్టుకునేవారు. మంగళగిరి నేతచీర తప్ప ఇంకోటి కట్టగా నేను చూడలేదు. ఏ ఊళ్ళో ఆడవాళ్ళయినా ముందు ఆ అంచు పట్టుకుని చూసి ఎక్కడ కొన్నారని అడిగేవారు. ఆవిడ తీరిగ్గా షాపు గుర్తులు చెప్పేవారు. "మనం బోలెడు అడుగుతాం కదా, వాళ్ళూ ఒకటి అడగనీ."

కొత్త ప్రశ్న రాసినప్పుడల్లా మొదట వాళ్ళమ్మగారికి చదివి వినిపించేవారు. ఆవిడ పోయాక ఆ పని పిన్నిగారి మీద పడింది. "నీకు ఈ మధ్య నలతగా ఉందా, ఒంట్లో బాగోలేదా, జబ్బు చేసిందా? ఇందులో ఏది అడిగితే నువ్వు షుగరు సంగతి చెప్తావే?" అని కూర తరుగుతున్న మనిషిని వేధించేవారు. "షుగరు జబ్బేమిటే, అది ఉంటుంది అంతే," అనేవారు పిన్నిగారు. మేడమ్ ఆనందంగా ప్రశ్న కొట్టేసి మళ్ళీ రాసుకునేవారు. కర్మ జరిగిన రోజు పిన్నిగారు నాతో అన్నారు, "జబ్బు చేసిందా అని అక్క నన్ను ఎన్ని రకాలుగా అడిగిందో! నాకు నిజంగా జ్వరమొచ్చినప్పుడు మాత్రం మాట్లాడకుండా చారు పెట్టి తెచ్చేది."

మేడమ్‌కి గుండె నీరసించిందని డాక్టర్లు చెప్పాక విజయవాడలోనే ఒక ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉన్నారు. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. చూడ్డానికి వచ్చిన జనంతో వరండా నిండిపోయేది. సిస్టరమ్మ వచ్చి, "ఇంతమంది ఏంటండీ, ఇది ఆసుపత్రా, పెళ్ళివారి విడిదా?" అని గదమాయించేది. మేడమ్ మంచం మీద ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ పలకరింపు పూర్తి కాకుండానే మొదలుపెట్టేవారు. "ఈ ఆసుపత్రికి ఇంతకుముందు వచ్చారా? ఎవర్ని చూడ్డానికి?"

"మేడమ్, ఇక్కడ మీరు పేషెంటు," అన్నాను.

"అందుకేనే. ఇన్నాళ్ళూ మనం ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళే వస్తున్నారు. ఎంత కలిసొచ్చిందో చూడు!"

ఒకరోజు జనం పల్చబడ్డాక నేనడిగాను. "ఇన్ని ఆసుపత్రుల గురించి రాశారు కదా మేడమ్, ఏది మంచిదో మీకన్నా ఎవరికి తెలుసు? ఇక్కడే ఎందుకు చేరారు?"

ఆవిడ దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా మొహం పెట్టారు. "పక్కింటాయన్ని చూడ్డానికి వచ్చానే. కింద క్యాంటీన్లో ఉప్మా తిన్నాను. జీడిపప్పు వేశారు."

"అంతేనా?"

"అంతే. జీవితమంతా లెక్కలు కట్టి, ఆఖరికి ఉప్మా చూసి చేరాను. ఇది ఎక్కడా రాయకు." రాస్తానని ఆవిడకి తెలుసు.

అక్కడికి వచ్చిపోయిన వాళ్ళలో మా డిపార్ట్‌మెంటు సార్ ఒకాయన ఉన్నారు. నెమ్మదైన మనిషి. మేడమ్ తర్వాత నాకు గైడుగా వచ్చింది ఆయనే.

నా కష్టం అక్కడ మొదలైంది. నా పీహెచ్‌డీ అంతా మేడమ్ ప్రశ్న మీదే నిలబడి ఉంది. పామర్రు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరు ఎవర్ని చూడ్డానికి వెళ్ళారో, తర్వాత ఎక్కడ చూపించుకున్నారో అడుగుతున్నాను. సగం ఊళ్ళు అయ్యాయి, సగం మిగిలాయి. సార్ అంతా చదివి మెత్తగా చెప్పారు. "ఇది ఎకనమిక్స్‌లా లేదమ్మా, చుట్టరికాల చిట్టాలా ఉంది. ప్రభుత్వ బీమా పథకంలో ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్ళారో అంతా కంప్యూటర్లో ఉంది. అది తీసుకుని హాయిగా ఏసీలో కూర్చుని పూర్తిచెయ్యి. ఈ చూడ్డాల ప్రశ్న తీసేద్దాం. వచ్చే వారం మీ రీసెర్చ్ కమిటీలో అదే చెప్దాం."

ఆ ప్రశ్న తీసేస్తే అది నా థీసిస్ కాదు. మేడమ్‌దీ కాదు. ఆవిడ పోయాక ఆ ప్రశ్న పట్టుకుని ఊళ్ళు తిరిగేది నేనొక్కదాన్నే. నేను ఆపేస్తే ఇంక దాన్ని అడిగేవాళ్ళు లేరు. అదే సమయానికి హైదరాబాదులో ఒక కంపెనీ నన్ను రమ్మంది, పాత సాఫ్ట్‌వేర్ చదువు గుర్తుపెట్టుకుని. కమిటీలో నెగ్గకపోతే వెళ్ళిపోదామనే అనుకున్నాను. చక్రాలు కదులుతూనే ఉన్నాయి. ఆ సంగతి పిన్నిగారికి చెబితే, "వెళ్తే వెళ్ళు. ముందు అడగాల్సింది అడిగి వెళ్ళు," అన్నారు.

కమిటీ రోజు నేను తయారుచేసుకున్న మాటలన్నీ అయిపోయాయి. ఎవరి మొహంలోనూ కదలిక లేదు. సార్ కాగితాలు సర్దుతున్నారు. ఏమైతే అదే అయిందని ఆయన్నే అడిగాను.

"సార్, మీరు మేడమ్‌ని చూడ్డానికి ఆసుపత్రికి వచ్చారు కదా?"

"వచ్చానమ్మా."

"తర్వాత మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే అక్కడికి వెళ్ళారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"లేదు. వెళ్ళలేదు."

బల్ల చివర కూర్చున్న ఒకావిడ పెన్ను మూత పెట్టేశారు. అయిపోయింది, హైదరాబాదు బస్సెక్కడమే అనుకున్నాను. సార్ మాత్రం కళ్ళజోడు పెట్టుకోకుండా అలాగే కూర్చున్నారు. ఆయనే మళ్ళీ అన్నారు.

"మా ఆవిడకి కంటి ఆపరేషన్ అక్కడే చేయిద్దామని అప్పటికే మాట్లాడుకున్నాం. మేడమ్‌ని చూడ్డానికి వచ్చిన రోజు లిఫ్టు దగ్గర తోపులాట చూశాను. స్ట్రెచర్ మీద ఒక పెద్దావిడ, పాపం, అలా ఎదురుచూస్తూనే ఉంది. ఇంటికెళ్ళి మా ఆవిడతో, ‘అక్కడొద్దు, గుంటూరు వెళ్దాం’ అన్నాను. గుంటూరే వెళ్ళాం."

పెన్ను మూత పెట్టినావిడ మళ్ళీ తీశారు.

"అంటే చూడ్డం వల్లే మానేశారు," అన్నారావిడ.

"మరంతే కదా," అన్నారు సార్, తనలో తాను. తర్వాత నా వైపు తిరిగారు. "ఈ సంగతి మీ మేడమ్ అడిగారా ఎప్పుడైనా? చూసొచ్చి వద్దనుకున్నవాళ్ళ గురించి?"

నేను ఆలోచించాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చూడ్డానికి వెళ్ళినచోటికే చూపించుకోడానికి వెళ్తారన్న సంతోషంలో మేడమ్ రెండోవైపు చూడనే లేదు. ఉప్మా బాగున్నవాళ్ళని అడిగారు గానీ లిఫ్టు బాగోలేనివాళ్ళని అడగలేదు.

"అడగలేదు సార్."

"అయితే నువ్వు అడుగు. బీమా కంప్యూటర్లో వచ్చినవాళ్ళుంటారు. వద్దనుకున్నవాళ్ళు ఎక్కడుంటారు? ఇళ్ళల్లోనే కదా! రెండూ చెయ్యి. పని రెట్టింపవుతుంది, తర్వాత నన్ను అనకు."

సాయంత్రం భవానీపురం వెళ్ళి పిన్నిగారికి ఆ కొత్త ప్రశ్న చదివి వినిపించాను. ఆవిడ విని, "ఇది అక్క ఎందుకు అడగలేదే?" అన్నారు. మళ్ళీ ఆవిడే, "ఉంటే నీ మీద భలే కుళ్ళుకునేది," అని కళ్ళు తుడుచుకుని నవ్వారు. హైదరాబాదు కంపెనీకి రానని ఆవిడ సోఫాలో కూర్చునే మెసేజ్ పెట్టాను.

మొన్న మిగిలిన ఊళ్ళల్లో మొదటిదానికి వెళ్ళాను. పామర్రు దాటి కాలవ గట్టు మీదుగా లోపలికి వెళ్ళాలి. కోతలు జరుగుతున్నాయి. మొదటి ఇంట్లో మంచినీళ్ళు అడిగాను. ఇచ్చినావిడ ఎండగా ఉందని సిమెంటు రోడ్డు మీదే, గోడ నీడలో కుర్చీ వేసింది. ఆవిడ తోటికోడలు కూడా వచ్చి కూర్చుంది. పాత ప్రశ్నలన్నీ అయ్యాక కొత్తది అడిగాను. "చూసొచ్చాక, మనకొస్తే మాత్రం ఇక్కడికి రాకూడదు అనుకున్న ఆసుపత్రి ఏదైనా ఉందా?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక్కసారిగా మొదలుపెట్టారు.

"మా చిన్నాన్నని పెట్టినచోట దోమలమ్మా, దోమలు!"

"దోమలు కాదే, ఆ కాపలావాడి నోరు..."

"నువ్వు రాలేదు అప్పుడు, ఊరుకో."

"రాలేదా? పాలు కాచి తెచ్చింది ఎవరు?"

అరుపులు విని ఎదురింటివాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కుర్చీలు తెచ్చుకున్నారు. రోడ్డు నిండిపోయింది. గడ్డిమోపులు ఎత్తుగా వేసుకుని ఒక ట్రాక్టర్ వచ్చి ఆగింది. నడిపేది పెద్దాయన, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. హారన్ కొట్టబోయి, మాటలు చెవిన పడి ఆగాడు. ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగేసరికి కాలవలో నీళ్ళు పారే శబ్దం వినిపించింది.

"వద్దనుకున్నవి అడుగుతున్నారా?" అంటూ దిగి వచ్చాడు. "నా దగ్గర రెండున్నాయండీ, రాసుకోండి."

గాలికి గడ్డిపరకలు లేచి టాబ్లెట్ తెర మీద పడుతుంటే తుడుచుకుంటూ రాస్తున్నాను. ట్రాక్టర్ వెనక పాలబండి ఒకటి వచ్చి ఆగింది. "ఏంటి బాబాయ్, దారివ్వవా?" అని అరిచాడు ఆ బండతను.

పెద్దాయన తిరిగి చూడకుండానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఆగవయ్యా. నిన్నూ అడుగుతారు."